ముప్పై ఒక్క ఒకట్ల ప్రధాన సంఖ్య

2147483647 ఒక ప్రధాన సంఖ్య. ఒకటి, తాను తప్ప దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్య మరొకటి లేదు. మన లెక్కలో చదివితే రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. పది అంకెల ఈ సంఖ్యలో పైకి విశేషమేమీ కనిపించదు. ముప్పై ఒక్క రెండ్లను హెచ్చవేసి, వచ్చిన లబ్ధం నుంచి ఒకటి తీసేస్తే మిగిలేది ఇదే. అంటే 2³¹ − 1. కంప్యూటర్లు వాడే ద్విసంఖ్యామానంలో రాస్తే వరసగా ముప్పై ఒక్క ఒకట్లు వస్తాయి, మధ్యలో సున్నా ఒక్కటీ ఉండదు. దీని గుణాలన్నీ ఈ ఆకారం నుంచే పుట్టాయి.

2తో మొదలుపెట్టి ప్రధాన సంఖ్యలను వరసగా లెక్కపెడితే ఇది 10,50,97,565వది. సంఖ్యలు పెద్దవయ్యే కొద్దీ ప్రధాన సంఖ్యలు పలచబడతాయి. ఈ పరిసరాల్లో సగటున ఇరవై ఒకటి, ఇరవై రెండు సంఖ్యలకు ఒక్కటి దొరుకుతుంది. దీనికి ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తర్వాతది 2147483659. రెండు తేడాతో ఉండే కవల ప్రధాన సంఖ్యల జంట దీనికి లేదు: 2147483645 చివర 5 ఉంది, 2147483649ని 3 భాగిస్తుంది. అలా భాగించగా వచ్చే 715827883 మాత్రం మళ్ళీ ప్రధాన సంఖ్యే. 2147483647ను 8తో భాగిస్తే 7 మిగులుతుంది. ఆ ఒక్క కారణంగా దీన్ని రెండు వర్గాల మొత్తంగా గానీ, మూడు వర్గాల మొత్తంగా గానీ రాయలేం. నాలుగు వర్గాలు కావలసిందే. ఏ ధన పూర్ణసంఖ్యకైనా నాలుగు వర్గాలు చాలునని 1770లో గణితజ్ఞుడు లాగ్రాంజ్ నిరూపించాడు.

రెండు ఘాతాల నుంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య కావాలంటే ముందు ఆ ఘాతాంకం ప్రధాన సంఖ్య అయి తీరాలి. 2⁶ − 1 అంటే 63. ద్విసంఖ్యామానంలో అది ఆరు ఒకట్లు. ఆరింటిని రెండేసి చొప్పున సమంగా విడగొట్టవచ్చు కాబట్టి 2² − 1, అంటే 3, దాన్ని భాగిస్తుంది. మూడేసి చొప్పున విడగొట్టవచ్చు కాబట్టి 7 కూడా భాగిస్తుంది. ముప్పై ఒక్క ఒకట్లను అలా సమాన గుంపులుగా విడగొట్టడం కుదరదు. అయితే ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన సరిపోదు. 11 ప్రధాన సంఖ్యే, కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇటలీకి చెందిన కాటాల్డి 1588లో 2¹⁷ − 1, 2¹⁹ − 1 రెండూ ప్రధాన సంఖ్యలని తేల్చాడు. వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో ఒక్కొక్కటిగా భాగించి చూడడమే అతని పద్ధతి. తర్వాత 23, 29, 31, 37 ఘాతాంకాలు కూడా ప్రధాన సంఖ్యలనే ఇస్తాయని అతను ప్రకటించాడు గానీ, ఆ మాటకు లెక్క ఆధారం లేదు. 1640లో గణితజ్ఞుడు ఫెర్మా 23, 37ల విషయంలో అది తప్పని చూపాడు. 1738లో గణితజ్ఞుడు లియొనార్డ్ ఆయిలర్ 29 సంగతి తేల్చాడు: 2²⁹ − 1ను 233 భాగిస్తుంది. నాలుగింటిలో మిగిలింది 31 ఒక్కటే.

ఈ లోగా 1644లో మారిన్ మెర్సెన్ అనే ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి ఒక జాబితా ఇచ్చాడు. 257 వరకు ఉన్న ఘాతాంకాల్లో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే ప్రధాన సంఖ్యలను ఇస్తాయని దాని సారాంశం. అంత పెద్ద సంఖ్యలను పరీక్షించే సాధనం ఆ కాలంలో ఎవరి దగ్గరా లేదు. 67, 257 తప్పని, 61, 89, 107 జారిపోయాయని తర్వాతి వాళ్ళు తేల్చారు. 2⁶⁷ − 1 = 193707721 × 761838257287 అని 1903లో అమెరికా గణితజ్ఞుడు కోల్ విడగొట్టి చూపాడు. ఇన్ని తప్పులున్నా ఈ జాతి సంఖ్యలకు మెర్సెన్ పేరే స్థిరపడింది. గణితంలో పేర్లు ఎప్పుడూ నిరూపించిన వారికే దక్కవు.

31 సంగతిని కూడా 1772లో ఆయిలరే తేల్చాడు. అప్పటికి అతనికి అరవై ఐదేళ్ళు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంటున్నాడు, చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఫలితాన్ని బెర్నూలీ కుటుంబంలోని ఒక గణితజ్ఞుడికి లేఖలో తెలియజేశాడు. కాటాల్డి దారిలోనే వెళ్ళి ఉంటే 2147483647 వర్గమూలమైన 46340 దాకా ఉన్న 4792 ప్రధాన సంఖ్యలతో భాగహారాలు చెయ్యాల్సి వచ్చేది. ఆయిలర్ వాటిలో నూటికి తొంభై ఎనిమిదింటిని ముట్టుకోకుండానే పక్కన పెట్టాడు. ఆ తర్కంలోని మెట్లు రెండే.

2147483647ను ఏదో ఒక ప్రధాన సంఖ్య భాగిస్తుందని అనుకుందాం. దాన్ని భాజకం అని పిలిస్తే, 2³¹ను ఆ భాజకంతో భాగించినప్పుడు శేషం 1 వస్తుంది. రెండును మళ్ళీ మళ్ళీ రెండుతో హెచ్చవేస్తూ, ప్రతిసారీ భాజకంతో భాగించి శేషం మాత్రమే ఉంచుకుంటూ పోతే, ఏదో ఒక మెట్టు దగ్గర 1 వచ్చి చక్రం మళ్ళీ మొదలవుతుంది. ఆ చక్రం పొడవు 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య కాబట్టి, పొడవు 1 కావడం అసాధ్యం కాబట్టి, అది సరిగ్గా 31. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం అదే చక్రం పొడవు భాజకం కన్నా ఒకటి తక్కువైన సంఖ్యను కూడా భాగించాలి. భాజకం బేసి సంఖ్య, అందులోంచి ఒకటి తీస్తే సరి సంఖ్య. కాబట్టి దాన్ని 31తో పాటు 2 కూడా, అంటే 62, భాగించాలి. భాజకం రూపం 62క + 1 అని తేలింది. ఇది మొదటి మెట్టు.

రెండో మెట్టు ఇంకా చమత్కారమైనది. 2³¹ శేషం 1 అయితే 2³² శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶ యొక్క వర్గం. అంటే ఆ భాజకపు శేషాల లోకంలో 2 ఒక వర్గ సంఖ్య. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగిలే ప్రధాన సంఖ్యలకు మాత్రమే ఈ గుణం ఉంటుంది. రెండు షరతులనూ కలిపితే భాజకం 248క + 1 రూపంలోనో, 248క + 63 రూపంలోనో ఉండాలి. 46340 లోపు 1నీ 63నీ వదిలేస్తే ఈ రెండు రూపాల్లోనూ ఉన్న సంఖ్యలు 372 మాత్రమే. వాటిలోనూ ప్రధాన సంఖ్యలు దాదాపు ఎనభై. మొదటిది 311: భాగిస్తే శేషం 35. తర్వాత 1303: శేషం 226. ఆపైన 1489: శేషం 199. ఇలా చివరి దాకా ఏ ఒక్కదానికీ సున్నా రాలేదు. నాలుగు వేల ఏడు వందల పైచిలుకు భాగహారాల పని ఎనభైకి దిగింది. కాటాల్డి పద్ధతికి వేలాది భాగహారాల ఓపిక కావాలి. ఆయిలర్‌కు అది అవసరం లేకపోవడమే ఈ నిరూపణ గొప్పతనం. పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకు ఇంతకంటే పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు అదే ఫలితం భాగహారాలేమీ లేకుండా వస్తుంది. 1876లో ఎడ్వర్డ్ ల్యూకా కనిపెట్టి, 1930ల నాటికి అమెరికాకు చెందిన డి. హెచ్. లేమర్ మెరుగుపరచిన పరీక్ష 4తో మొదలవుతుంది. ప్రతి మెట్టులోనూ ఉన్న సంఖ్యను వర్గం చేసి, 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం తీసుకోవాలి. ఘాతాంకం కంటే రెండు తక్కువ మెట్లు ఎక్కాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 2⁵ − 1, అంటే 31కి మూడు మెట్లు: 4 నుంచి 14, 14 వర్గం 196, రెండు తీస్తే 194, 31తో భాగిస్తే శేషం 8, 8 వర్గం 64, రెండు తీస్తే 62, శేషం సున్నా. 2⁷ − 1 = 127కి అయిదు మెట్లు: 14, 67, 42, 111, 0. 2147483647కు ఇరవై తొమ్మిది మెట్లు చాలు.

సున్నాకు ముందు మెట్టును గమనిస్తే ఆయిలర్ రెండో మెట్టు మళ్ళీ పలకరిస్తుంది. చివర సున్నా రావాలంటే దాని ముందున్న సంఖ్య వర్గానికి శేషం 2 కావాలి. 31కి అది 8, అంటే 2³. 127కి అది 111, అంటే 127 నుంచి 2⁴ తీసేస్తే వచ్చేది. 2147483647 విషయంలో 2¹⁶ అయిన 65536 గానీ, దాన్ని మొత్తంలోంచి తీసేయగా మిగిలే 2147418111 గానీ తప్ప అక్కడ మరొకటి ఉండడానికి వీల్లేదు. ఇదే దారిలో ల్యూకా 1876లో 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని చూపాడు. 39 అంకెలున్న అది యంత్రాల సాయం లేకుండా మనిషి చేత్తో తేల్చిన అతి పెద్ద ప్రధాన సంఖ్య.

ఈ సంఖ్యలపై ఇంత ఆసక్తికి పాత కారణం పరిపూర్ణ సంఖ్యలు. తన కంటే చిన్నవైన భాజకాల మొత్తం తనతో సమానమైతే అది పరిపూర్ణ సంఖ్య: 6 = 1 + 2 + 3; 28 = 1 + 2 + 4 + 7 + 14. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్య నుంచీ ఒక పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ తన జ్యామితి గ్రంథంలోనే చూపాడు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ అలా వచ్చేవేనని రెండు వేల ఏళ్ళ తర్వాత ఆయిలర్ నిరూపించాడు. 2147483647 ఎనిమిదో మెర్సెన్ ప్రధాన సంఖ్య. దాన్ని 2³⁰తో హెచ్చవేస్తే ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య 2305843008139952128 వస్తుంది.

ఈ పందొమ్మిది అంకెల సంఖ్య గురించి ఇంగ్లండుకు చెందిన పీటర్ బార్లో 1811లో ఒక జోస్యం చెప్పాడు. మనుషులు ఎప్పటికీ కనుక్కోబోయే పరిపూర్ణ సంఖ్యల్లో ఇదే పెద్దదని, వింత తప్ప ప్రయోజనం లేని ఇలాంటి వాటి కోసం ఇంతకు మించి ఎవరూ శ్రమపడరని అతని అంచనా. బార్లో తెలివితక్కువవాడేమీ కాదు; వర్గాలు, ఘనాలు, మూలాల మీద అతను వేసిన పట్టికలను ఇంజినీర్లు వంద ఏళ్ళకు పైగా వాడారు. కానీ జోస్యంలోని మొదటి భాగం అరవై ఐదేళ్ళకే, 1876 నాటి ల్యూకా ఫలితంతో చెదిరింది. ఆ తర్వాత 1883లో రష్యాలో పెర్వూషిన్ అనే చర్చి గురువు 2⁶¹ − 1 ప్రధాన సంఖ్య అని చూపాడు. ప్రయోజనం లేదన్న రెండో భాగం చెదరడానికి కంప్యూటర్లు రావాల్సి వచ్చింది.

కంప్యూటర్లలో ఈ సంఖ్య రెండు చోట్ల కనిపిస్తుంది. ఆ రెండింటినీ కలగాపులగం చేయడం మామూలు పొరపాటు. మొదటిది అందరికీ తెలిసినదే. పూర్ణసంఖ్యను 32 బిట్లలో దాచే పద్ధతిలో ఒక బిట్టు ధన, రుణ గుర్తుకు పోతుంది. మిగిలిన 31 బిట్లూ ఒకట్లయితే వచ్చేది 2147483647. అంతకు మించి పట్టదు. దానికి ఒకటి కలిపితే చాలా యంత్రాల్లో సంఖ్య −2147483648కి దూకుతుంది. యునిక్స్ తరహా వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కిస్తాయి. 32 బిట్ల గడియారం నిండేది 2038 జనవరి 19న, భారత కాలమానంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. సరిదిద్దని యంత్రం తర్వాతి క్షణంలో 1901 డిసెంబరుకు వెళ్ళిపోతుంది. 2014లో ‘గంగ్నమ్ స్టైల్’ పాట వీక్షణలు ఇదే హద్దుకు చేరినప్పుడు యూట్యూబ్ తన లెక్కింపు 64 బిట్లకు మారిందని ప్రకటించింది. సెకనులో నూరో వంతును ఒకటిగా లెక్కపెట్టే యంత్రమైతే ఈ హద్దును 248 రోజుల పైచిలుకులో తాకుతుంది. ఇక్కడ 248 కనిపించడం ఆయిలర్ 248తో సంబంధం లేని కాకతాళీయం.

ఈ మొదటి పాత్రలో సంఖ్య ప్రధాన సంఖ్య కావడానికి పనేమీ లేదు. గుర్తు కోసం ఒక బిట్టు పోయి 31 మిగలడం ఇంజినీర్ల నిర్ణయం. 64 బిట్ల హద్దు అయిన 2⁶³ − 1 ప్రధాన సంఖ్య కాదు, దాన్ని 7 భాగిస్తుంది. దానివల్ల ఏ కంప్యూటరుకూ నష్టం లేదు.

రెండో పాత్రకు మాత్రం ప్రధానతే ప్రాణం. యంత్రం తనంతట తాను యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించలేదు. సూత్రంతో నడిచినా యాదృచ్ఛికంగా కనిపించే వరసను తయారుచేసుకుంటుంది. లేమర్ 1950 ప్రాంతంలో సూచించిన పద్ధతిలో ఒక సంఖ్యను స్థిర గుణకంతో హెచ్చవేసి, ఒక ప్రధాన సంఖ్యతో భాగించి, శేషాన్ని తర్వాతి సంఖ్యగా తీసుకుంటారు. చిన్న ఉదాహరణగా 7ను భాజకంగా తీసుకుంటే, గుణకం 3 అయినప్పుడు 1, 3, 2, 6, 4, 5 అని ఆరు శేషాలూ వచ్చి చక్రం పూర్తవుతుంది. గుణకం 2 అయితే 1, 2, 4 తోనే తిరిగి 1కి వస్తుంది. మొత్తం చక్రాన్ని తిప్పగల గుణకాన్ని ఆదిమ మూలం అంటారు. భాజకం ప్రధాన సంఖ్య అయితే అలాంటి గుణకం తప్పక ఉంటుంది.

2147483647కు 2 అతి పనికిరాని గుణకం. ముప్పై ఒక్క మెట్లలోనే మొదటికి వస్తుంది. అతి చిన్న ఆదిమ మూలం 7. ఒక సంఖ్య ఆదిమ మూలమా కాదా అని తేల్చడానికి భాజకం కన్నా ఒకటి తక్కువైన సంఖ్య కారణాంకాలు తెలిస్తే చాలు: 2147483646 = 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331. ఈ జాబితాలో 5 లేదు. అందుకే 7 అయిదో ఘాతమైన 16807 కూడా ఆదిమ మూలమే. 1969లో ఐబీఎం సిస్టం 360 యంత్రాల కోసం ముగ్గురు పరిశోధకులు ఈ గుణకాన్ని ఎంచుకున్నారు. 1988లో పార్క్, మిల్లర్ దాన్ని కనీస ప్రమాణంగా ఉంచమని సూచించారు. సీ ప్లస్ ప్లస్ భాష ప్రామాణిక గ్రంథాలయంలో అది ఇప్పటికీ ఉంది. 1తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073, 984943658 అని సాగుతుంది. సరిగ్గా పదివేల మెట్ల తర్వాత 1043618065 రావాలి. ప్రోగ్రాం సరిగా రాశారో లేదో చూడడానికి ఈ ఒక్క సంఖ్య చాలు. మొదటికి తిరిగి రావడానికి 2147483646 మెట్లు పడుతుంది, ఆ మధ్యలో ఏ విలువా రెండోసారి రాదు.

ప్రధాన సంఖ్యలు ఎన్నో ఉండగా ఇదే ఎందుకంటే, దీనితో భాగించడానికి నిజంగా భాగహారం అక్కర్లేదు. ఒక సంఖ్యను 9తో భాగిస్తే మిగిలే శేషం కోసం దాని అంకెలను కూడితే చాలునని బడిపిల్లలకూ తెలుసు. 10 కంటే 9 ఒకటే తక్కువ కావడం దానికి కారణం. 2³¹ కంటే ఒకటి తక్కువైన ఈ సంఖ్యకూ అదే మర్మం. 16807ను 282475249తో హెచ్చవేస్తే 4747561509943. ద్విసంఖ్యామానంలో దాని కింది 31 బిట్ల విలువ 1622647863, పై బిట్ల విలువ 2210. రెండింటినీ కూడితే 1622650073, వరసలోని తర్వాతి సంఖ్య. ఒక కూడిక, అవసరమైతే ఒక తీసివేత. పాత యంత్రాల్లో భాగహారం ఖరీదైన పని కాబట్టి ఇది పెద్ద వెసులుబాటు.

దీని పక్కనే ఉన్న 2³¹ను భాజకంగా పెడితే పని ఇంకా తేలిక, పై బిట్లను పారేస్తే సరి. 1960ల్లో ఐబీఎం యంత్రాల్లో విరివిగా వాడిన ‘రాండు’ అనే సాధనం అలాగే చేసింది. గుణకం 65539. బేసి సంఖ్యతో మొదలైతే చివరి బిట్టు ఎప్పటికీ ఒకటే, అన్నీ బేసి సంఖ్యలే. అంతకంటే ఘోరం, వరసలోని మూడేసి సంఖ్యలను త్రిమితీయ బిందువులుగా గుర్తిస్తే అవన్నీ కేవలం పదిహేను తలాల మీద పడ్డాయి. ఆ తలాల దోషానికి మూలం గుణకం ఎంపిక, చివరి బిట్టు దోషానికి మూలం భాజకం రెండు ఘాతం కావడం. 2147483647 తీసుకుంటే రెండో జబ్బు ఉండదు. అయితే నేటి కంప్యూటరు రెండు వందల కోట్ల సంఖ్యలను సెకన్లలో వాడేయగలదు, ఒక్క విలువ బయటపడితే తర్వాతివన్నీ తెలిసిపోతాయి. అందువల్ల రహస్య లిపికి ఈ వరస పనికిరాదు. పెద్ద అనుకరణ లెక్కలకు ఇప్పుడు ఎక్కువగా వాడే మెర్సెన్ ట్విస్టర్ చక్రం పొడవు మరో మెర్సెన్ ప్రధాన సంఖ్య, 2¹⁹⁹³⁷ − 1.

2147483647కు ఇంకొక అరుదైన గుణం ఉంది. దీని ఘాతాంకం 31 కూడా 2⁵ − 1 రూపంలోని మెర్సెన్ ప్రధాన సంఖ్యే. ఇలా రెండు అంతస్తుల్లోనూ ప్రధాన సంఖ్యలుగా తేలినవి ఇప్పటిదాకా నాలుగే: 7, 127, 2147483647, 2¹²⁷ − 1. మరి 2147483647నే ఘాతాంకంగా పెట్టి మూడో అంతస్తు వేస్తే? ఆ సంఖ్యకు దాదాపు 64.6 కోట్ల అంకెలుంటాయి. ఇప్పటికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యల్లో ఒకటి, 2024 అక్టోబరులో దొరికిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. దానికి ఉన్నవి 4,10,24,320 అంకెలే. అంత పెద్ద సంఖ్యపై ల్యూకా, లేమర్ పరీక్ష నడపడం అతి కష్టం. కానీ ఆయిలర్ మొదటి మెట్టు ఇక్కడా పనిచేస్తుంది: ఏ భాజకమైనా 2147483647కు రెట్టింపైన 4294967294 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ కావాలి. ఆ వరసలో 68745వది 295257526626031. అది శేషం లేకుండా భాగించింది. కాబట్టి మూడో అంతస్తు నిలవలేదు. తర్వాతి మెర్సెన్ ప్రధాన సంఖ్య 2⁶¹ − 1ను ఘాతాంకంగా పెడితే వచ్చే సంఖ్యకు ఇంతవరకు ఒక్క భాజకమూ దొరకలేదు. అది ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా అన్నది ఇంకా తేలలేదు.